తోటబంగళాలో ఒకనాటి రొయ్యల వంటబడి

పశ్చిమ గోదావరి డెల్టాలో భీమవరమునకు అనతిదూరమున నొక కొబ్బరితోట గలదు. అందలి పాత బంగళాలో ఇటీవల నొక దినమంతయు రొయ్యలు, చేపలు, పీతలు వండు విధము నేర్పు తరగతి జరుగగా మేమును పోయి చూచితిమి. చేరినవారు పదునార్గురు. సగము మంది చెరువు రైతుల యిండ్ల స్త్రీలు. తక్కినవారు హైదరాబాదు నుండి వచ్చిన ఉద్యోగస్థులు. వంటబడి ముచ్చట రైతుల పత్రికలో నేల యని చదువరులు అడుగవచ్చును.

1994-95లో తెల్లమచ్చ తెగులు టైగరు రొయ్యను తుడిచిపెట్టిన సంగతి పెద్దలు మఱువలేదు. 2009లో వనామి రొయ్యకు అనుమతి లభించిన పిదప పంట విస్తారముగా పెరిగినది గాని, అమ్మకము విదేశములపై, అందును ముఖ్యముగా అమెరికాపై ఆధారపడెను. 2025 ఆగస్టు 27వ తేదీన ఆ దేశము మన సరకుపై సుంకమును నూటికి 50 వంతులు చేయగా, ఆ దెబ్బ మన చెరువుగట్లకు తగిలినది. మన దేశస్థులే ఎక్కువగా తినరాదా యని అందఱును అనిరి. తినుటకు అడ్డమేమో ఈ తరగతిలో మాకు కొంత బోధపడినది.

"ధరకు జంకి కాదండీ, బాగుచేయుట చేతగాక కొనలేదు" అని హైదరాబాదు నుండి వచ్చిన ఒకామె చెప్పినది. అందుచేతనే కాబోలు, నరసాపురమునుండి వచ్చిన ఉపాధ్యాయిని ఉదయమంతయు పొయ్యి వెలిగింపనీయలేదు. తల గట్టిగా అంటియుండుట, పెంకు బిగువుగా నుండుట, ఘాటైన వాసన లేకుండుట, ఇవి తాజాతనపు గుర్తులు. తల త్రుంచి, కాళ్లవైపునుండి పెంకు నొలిచి, వీపున చిన్న గాటు పెట్టి నల్లని నరమును లాగవలెను. అది నరము కాదు, ప్రేగు. ఉప్పు, పసుపు రాచి కడుగవలెను. మొదటి రొయ్యకు అయిదు నిమిషములు పట్టినవారు పదియవదానిని అరనిమిషములో ముగించిరి.

మన రైతు కౌంటు నెఱుగును. 30 కౌంటనగా కిలోకు ముప్పది రొయ్యలు. ఒలిచిన పిదప ఆ కిలోలో సగమునకు కొంచెము మించి మాత్రమే మిగులునని పట్టణపువారెఱుగరు. తూకములో మోసము జరిగినదని కొందఱు వర్తకుని శంకించి మరల కొనుటయే మానివేసిరట! తీసిన తలలనైనను పాఱవేయనక్కఱలేదు. నూనెలో వేయించి, నీరు పోసి కాచి వడకట్టిన రసము పులుసునకు అమోఘమైన రుచి నిచ్చినది.

మధ్యాహ్నము ఇగురు వద్ద చిన్న వాదము పుట్టినది. రొయ్య రెండు మూడు నిమిషములలోనే ఉడుకుననియు, వంగి ఎఱ్ఱబడగానే తీసివేసి, మసాలా ఇగిరిన పిమ్మట మరల కలుపవలెననియు ఉపాధ్యాయిని చెప్పెను. "అమ్మాయీ, రొయ్యలోని నీరు రొయ్యలోనే ఇగరాలి. మా అత్తగారు అలాగే వండేది" అని ఒక వృద్ధురాలు ఒప్పుకొనలేదు. రెండు మూకుళ్లలో రెండు విధముల వండించిరి. మెత్తదనమున మొదటిదియే మేలు. మసాలా పట్టుటలో ముసలమ్మదే పైచేయి. వెన్నతోను మీగడతోను చేసిన దొర వంటకము మాకంతగా రుచింపలేదు. పండుగప్ప పులుసు మట్టికుండలో కాచిరి. గరిటె పెట్టక కుండనే త్రిప్పవలెనట. పీతల పాఠము తొందరలో ముగిసినది.

రుసుము మాత్రము సామాన్య రైతు భరింపదగినది కాదు. ఇందులకు బంగళాయే కావలయునా? సంఘపు గోదాములో రెండు పొయ్యిలు, ఐసు, మంచినీరు ఉన్న చాలును.

సాయంకాలము పట్టణపువారు "ఈ సరకు చెరువు దగ్గఱనే మాకు దొరకునా?" అని అడిగిరి. చెరువుగట్టున టన్నుల లెక్కన కొనువారే గాని రెండు కిలోలు కట్టి పంపువారు లేరు. ఒక రైతు గృహిణి మాత్రము వారిలో ఏడుగురి చిరునామాలు వ్రాసికొనినది. ఐసుపెట్టెలు కొనుటకు అప్పు కోరుచు ఆమె పెట్టిన అర్జీ మన సంఘపు కార్యవర్గము ఎదుటికి వచ్చియున్నది.