యుద్ధరంగం నుండి ఇంటి ముంగిటికి: సైనికుడైన తండ్రి స్వస్థత

యుద్ధంలో తగిలే గాయాలలో కంటికి కనిపించేవి కొన్ని, కనిపించనివి మరికొన్ని. కాలు కోల్పోయిన సైనికునికి కృత్రిమమైన కాలు అమర్చవచ్చు. ఈ కార్యానికై పూనా నగరంలో 1944 నుండి ఒక ప్రత్యేక కేంద్రమే పనిచేస్తున్నది. కాని మనస్సుకు తగిలిన గాయాన్ని గుర్తించేవారు అరుదు. ఆ గాయం సైనికుని వెంట ఇంటికి వస్తుంది. ఆయన తండ్రి కూడా అయినప్పుడు దాని బాధ ఆయన ఒక్కనితో ఆగదు. కనుక మాజీ సైనికుడైన తండ్రికి స్వస్థత చేకూర్చడం, ఆయన సంతానాన్ని సంరక్షించడం రెండు వేర్వేరు కార్యాలు కావు; అవి ఒకే కార్యానికి రెండు ముఖాలు. ఈ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యాధికి పేరు వచ్చిన విధం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల మధ్య గడిపిన సైనికులలో కొందరికి ఒంటిమీద గాయమేదీ లేకనే మాట పడిపోవడం, చేతులు వణకడం, నిద్రలో కేకలు వేయడం వైద్యులు గమనించారు. 1915లో ఛార్లెస్ మయర్స్ అనే ఆంగ్ల వైద్యుడు తన వ్యాసంలో దీనిని 'షెల్ షాక్' అని పేర్కొన్నాడు. ఆనాడు చాలామంది దీనిని పిరికితనంగానే భావించారు. వియత్నాం యుద్ధం ముగిసిన పిదప, 1980లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని వ్యాధిగా అంగీకరించి 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని నామకరణం చేసింది. ఆఘాతానంతర మనోవ్యాధి అని మనం చెప్పుకోవచ్చును. వియత్నాంలో పనిచేసిన పురుషులలో సుమారు 15 శాతం మంది, యుద్ధం ముగిసి పదేళ్లు దాటినా ఈ వ్యాధితోనే ఉన్నారని ఆ దేశంలో జరిపిన ఒక బృహత్పరిశీలన తేల్చింది. వీరి గృహాలలో దాంపత్య కలహాలు, పిల్లల ప్రవర్తనలో ఇబ్బందులు అధికమని అదే పరిశీలన వెల్లడించింది. అయితే సైనికులలో అధిక సంఖ్యాకులు ఈ వ్యాధి లేకుండా ఆరోగ్యంగా జీవిస్తున్నారన్న సత్యాన్ని మరువరాదు. ప్రతి మాజీ సైనికుని అనుమానంతో చూడడం మరొక అన్యాయం.

రణంలో గుణం, గృహంలో దోషం

యుద్ధరంగంలో ప్రాణాన్ని కాపాడిన అలవాట్లే ఇంటిలో కష్టాలకు కారణమవుతాయి. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి సిద్ధం కావడం అక్కడ అవసరం; ఇక్కడ పిల్లవాని చేతినుండి గిన్నె జారిపడినా ఆ తండ్రి గుండె దడదడలాడుతుంది. ఆజ్ఞకు వెంటనే లోబడడం అక్కడ క్రమశిక్షణ. ఇక్కడ కారణమడిగిన కుమార్తె ఆయనకు ధిక్కారిగా కనిపిస్తుంది. మిత్రుని మరణాన్ని చూచి కూడా కన్నీరు దిగమింగడం అక్కడ ధైర్యం; ఇక్కడ అదే మౌనం పిల్లలకు ప్రేమరాహిత్యంగా తోస్తుంది.

ఈ చివరి లక్షణమే అన్నింటికన్న హానికరమైనది. 66 మంది వియత్నాం సైనికులైన తండ్రులను పరిశీలించి 2002లో ప్రకటించిన ఒక అధ్యయనం, తండ్రీబిడ్డల అనుబంధాన్ని విశేషంగా దెబ్బతీసేది భావోద్వేగాలు మొద్దుబారిపోవడమేనని తెలిపింది. పీడకలలను మరచిపోవాలని మనస్సు తలుపులు మూసుకొన్నప్పుడు, దుఃఖంతోబాటు సంతోషమూ వాత్సల్యమూ బయటనే నిలిచిపోతాయి.

పిల్లలు దీనిని పలువిధాలుగా అర్థం చేసుకొంటారు. కొందరు తామే తప్పు చేశామని కుమిలిపోతారు. కొందరు తండ్రివలెనే చిరాకు నేర్చుకొంటారు. మరికొందరు చిన్న వయస్సులోనే ఇంటి భారమంతా తలకెత్తుకొంటారు. ఇంకొక సామాన్య విషయం కూడా ఉన్నది. తుపాకుల, ఫిరంగుల మోతకు వినికిడి తగ్గిన సైనికులు అనేకులు. పిలిచినా పలుకని తండ్రి అలక్ష్యం చేయడం లేదు. ఆయనకు వినిపించకపోయి ఉండవచ్చును.

మన సైనికుని ఇల్లు

తెలుగునాట పశ్చిమ గోదావరి ప్రాంతంలోని మాధవరం గ్రామానికి 'మిలటరీ మాధవరం' అనే పేరు వచ్చిందంటే, అచ్చటి కుటుంబాలు తరతరాలుగా సైన్యంలో చేరడమే కారణం. మన జవాను సాధారణంగా నలుబది ఏండ్లు నిండకముందే పదవీ విరమణ పొందుతాడు. అప్పటికి పిల్లలు పాఠశాలలోనో, కళాశాలలోనో ఉంటారు. అంతవరకు తండ్రి అంటే సెలవులకు వచ్చి పోయే అతిథి. ఇంటి నిర్ణయాలన్నీ తల్లి చేసినవే. ఆయన శాశ్వతంగా తిరిగివచ్చిన నాటినుండి తల్లి అధికారం, తండ్రి స్థానం, పిల్లల స్వేచ్ఛ మూడూ కొత్తగా సర్దుకోవలసి వస్తుంది. ఈ సర్దుబాటుకు కాలం పడుతుంది. దీనిని వ్యాధిగా పొరబడరాదు. వ్యాధి ఉన్నచోట దీనిని సాకుగా చూపి వైద్యం మానరాదు.

స్వస్థతకు మార్గాలు

ఈ వ్యాధికి చికిత్స ఉన్నది. అనుభవజ్ఞుడైన మానసిక వైద్యుని సమక్షంలో ఆ జ్ఞాపకాలను క్రమక్రమంగా ఎదుర్కొనడం, వాటినుండి పుట్టిన తప్పుడు తలంపులను సరిదిద్దుకొనడం అందులో ప్రధానమైనవి. ఇటువంటి చికిత్స తరచుగా 12 సమావేశాలకు అటూ ఇటూగా ముగుస్తుంది. అవసరమైనచోట మందులూ ఇస్తారు. మద్యం మందు కాదు. అది తొలుత నిద్ర తెప్పించినట్లు కనిపించినా, నిద్రనే పాడుచేసి వ్యాధిని పొడిగిస్తుంది.

తండ్రి తండ్రిగా ఉండడం నేర్చుకోవడమే ఒక చికిత్స అనే భావన కూడా నేడు బలపడుతున్నది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం రూపొందించిన 14 వారాల శిక్షణలో, యుద్ధవిధుల నుండి తిరిగివచ్చిన తలిదండ్రులు తమ కోపాన్ని గుర్తించడం, బిడ్డ భయాన్ని ఆలకించడం, బెదరించక హద్దులు నిర్ణయించడం సాధన చేస్తారు. 336 కుటుంబాలతో జరిపిన పరీక్షలో ఈ శిక్షణ ఫలితంగా పెంపకమూ, పిల్లల ప్రవర్తనా మెరుగుపడినట్లు తేలింది.

మన దేశంలో 2003 ఏప్రిల్ 1 నుండి మాజీ సైనికుల ఆరోగ్య పథకం అమలులో ఉన్నది. ఇ.సి.హెచ్.ఎస్. అని ప్రసిద్ధమైన ఈ పథకం పాలీక్లినిక్కులలో ఆయనకే గాక భార్యకు, ఆయనపై ఆధారపడిన పిల్లలకు, తలిదండ్రులకు కూడా వైద్యం లభిస్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి చూపుతుంది. 2022లో ఆరంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఎవరైనను ఫోన్ చేయవచ్చును.

మన కర్తవ్యం

విద్యార్థి మిత్రులారా! మీలో సైనికుల బిడ్డలు ఉండవచ్చును. తండ్రి కోపానికి మీరు కారకులు కారు. ఆయనకు వైద్యులు కావలసిన భారమూ మీది కాదు. నిద్రలో ఉన్నవారిని తట్టి లేపక దూరం నుండి పేరుపెట్టి పిలవండి. యుద్ధంలో ఎందరిని చంపారని అడుగక, మీతోబాటి సైనికులు ఎటువంటివారని అడగండి. ఆయన చెప్పినంత వినండి. ఇంటిలో చేయి చేసుకొనడం జరిగితే మాత్రం మౌనం వహించక పెద్దలకు, అధ్యాపకులకు తెలియజేయండి. రక్షణ కోరడం పితృద్రోహం కాదు. ఇక చనిపోవాలనే మాట ఆయన నోట వెలువడితే తేలికగా తీసుకొనక, ఒంటరిగా విడువక, అదే దినం వైద్యుని వద్దకు చేర్చండి.

కళాశాల పాలకవర్గం వారు కూడా ఏటా ఒక దినాన మాజీ సైనికులైన తలిదండ్రులను ఆహ్వానించి, పాలీక్లినిక్ వైద్యునిచేత ప్రసంగం ఏర్పాటు చేయడం సముచితం. సత్కారసభలో వేసిన పూలమాల సాయంకాలానికి వాడిపోతుంది. రాత్రి నిశ్చింతగా నిద్రించి, తెల్లవారి బిడ్డతో నవ్వుతూ మాటలాడగలిగిన తండ్రిని ఇంటికి తిరిగి ఇవ్వగలిగితే, అదే మనం ఆయనకు చేయగల నిజమైన సత్కారం.