కంచె పొదను నమ్ముకున్న సీతాకోకచిలుక

పడమటి కనుమల పాదాన వెలసిన రాజపాళయంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. ఆ ప్రాంతపు తోపుల అంచులలో, పొలం గట్లపై, వానలు వెలిసిన పిమ్మట ఒక పసుపుపచ్చని సీతాకోకచిలుక నేలకు దగ్గరగా వడివడిగా ఎగురుతూ ఉంటుంది. దాని ముందు రెక్కల కొనలు నల్లగా ఉండి, ఆ నలుపు నడుమ నారింజరంగు మచ్చ మెరుస్తుంది. ఆంగ్లంలో దీనిని యెల్లో ఆరెంజ్ టిప్ అంటారు. శాస్త్రీయ నామం ఇక్సియాస్ పైరీన్. 1764లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించి పేరు పెట్టాడు. ఆంధ్ర, తమిళ సరిహద్దులలోని మెట్ట భూములలోనూ ఇది కనిపిస్తుంది.

మగదాని రంగు గాఢమైనది. ఆడది లేత పసుపుగానో, తెలుపుగానో ఉంటుంది. రెక్కలు ముడిచినప్పుడు అడుగుభాగంలోని గోధుమరంగు మరకల వలన ఎండుటాకువలె కనిపించి, పక్షుల కంటబడకుండా తప్పించుకుంటుంది. ఎండకాలంలో పుట్టినవాటికి ఈ మరకలు మరింత ఎక్కువ. మగవి తడి మన్నుపై వాలి అందలి లవణాలను పీల్చుకుంటాయి.

పెద్దవి అనేక పువ్వుల తేనెను త్రాగుతాయి. కాని పిల్లపురుగులకు ఆహారం ఆదొండ జాతి మొక్కల ఆకులే. తెలుగువారి ఆదొండనే తమిళులు ఆదొండై అంటారు. దానికి దగ్గరి చుట్టమైన నల్ల ఉప్పి అనే ముళ్ళపొద ఈ పురుగులకు ముఖ్యమైన ఆధారం. తల్లి లేత ఆకులపై గుడ్లను విడివిడిగా పెడుతుంది. వెలువడిన ఆకుపచ్చని పురుగు ఆకులు తిని పెరిగి, పట్టుదారంతో నడుము కట్టుకొని ప్యూపాగా మారుతుంది. కొన్ని వారాలలోనే రెక్కలతో బయటకు వస్తుంది.

ఈ పురుగు వరిని గాని, మామిడిని గాని, కొబ్బరిని గాని ముట్టదు. కనుక దీనిపై మందు చల్లవలసిన అవసరం రైతుకు లేదు.

నల్ల ఉప్పి శాస్త్రీయ నామంలోని సెపియారియా అనే లాటిన్ మాటకు కంచెకు సంబంధించినదని అర్థం. పశువులు పడకుండా పెద్దలు పెంచిన ముళ్ళకంచెలే ఈ జీవికి పుట్టినిల్లు. రాజపాళయం చెంతనున్న అడవి 1988లో బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యమైంది. 2021లో శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అభయారణ్యంలో చేరింది. అయితే ఆ హద్దులు పొలం కంచెను కాపాడవు. పొదలు నరికి, కాల్చి, తీగకంచె వేసినచోట పువ్వులు ఎన్ని ఉన్నా తల్లికి గుడ్డు పెట్టే ఆకు ఉండదు. గట్టుపై నాలుగు పొదలైనా మిగిల్చితే వచ్చే వానలకు ఆ పసుపు రెక్కలు మరల కనిపిస్తాయి.