అద్దె యింటి తలుపు తాళము

స్వగృహమున నుండువారు తాళము చెడినచో ఆ సాయంకాలమే క్రొత్తది వేయించుకొందురు. అద్దె యింటి సంగతి వేరు. తలుపు యజమానిది, లోన నిదురించు బిడ్డలు మనవారు. బాగుచేయించు భారమెవరిదని ఇరుపక్షములవారును ఎదురు చూచుచుండగనే నెలలు గడచును. ఆ నెలలలో ప్రతి రాత్రియు తలుపువంక చూచి బెంగపడునది గృహిణియే.

వరంగల్లు–ఖమ్మం రహదారిమీదనున్న మరిపెడ 2016లో క్రొత్తగా నేర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరినది. 2018లో పురపాలక సంఘమైనది. ఇట్టి యూళ్లకు బదిలీమీద వచ్చు కుటుంబములు కిరాయి యిండ్లనే యాశ్రయింపవలసి యుండును. పగలెల్ల ఒంటిగ నుండు స్త్రీకిని, ఇల్లు మూసి తానే యుద్యోగమునకు పోవు స్త్రీకిని తాళమే కావలి. కావున దాని గుణదోషములు తెలిసికొనుట మనకు అవసరము.

మొదట, చెడినది తాళమా, తలుపా యని పరీక్షింపవలయును. తలుపు తెరచియుంచి తాళపుచెవి త్రిప్పి చూడుడు. గడియ సులువుగ వెలికివచ్చి మరల లోనికి పోయినచో తాళమున దోషము లేదు. అప్పుడు తలుపు మూసి, కొంచెము పైకెత్తి త్రిప్పుడు. అట్లు తిరిగినచో బందులు సడలి తలుపు క్రుంగినదని యర్థము. మరమేకులు బిగించిన చాలును. మేకు నిలువక తిరుగుచున్నచో, ఆ రంధ్రమున వెదురు పుల్లలు దూర్చి మరల బిగింపవలయును. వానకాలమున మాత్రమే బిగిసికొను తలుపు తేమకు ఉబ్బినది. శ్రావణములో తొందరపడి చిత్రిక పట్టించినచో, వేసవిలో కొయ్య యెండి సందు పడును. తలుపు యజమానిది గనుక ఆయన యనుమతి లేక చిత్రిక పట్టింపరాదు.

తెరచిన తలుపునను తాళము తిరుగకున్నచో రెండవ తాళపుచెవితో ప్రయత్నింపుడు. అది తిరిగినచో మొదటిది అరిగినది. అరిగిన దానిని చూచి మరియొకటి చేయించిన దోషము కూడ దిగుమతి యగును. మంచిదానినే మాదిరిగ నీయవలయును. రెండును తిరుగకున్నచో లోపల దుమ్ము చేరియుండవచ్చును. కొబ్బరినూనె పోయుట మన యిండ్ల అలవాటు. అది మొదట మేలు చేసినట్లు తోచును గాని, పిమ్మట దుమ్ము పట్టి జిగటయగును. పెన్సిలు ములికిని గీకిన నల్లపొడి దానికంటె మేలు.

తాళపుచెవిని చూచి తాళపు జాతిని గుర్తింపవచ్చును. 1778లో ఇంగ్లండున రాబర్టు బారన్ మెరుగుపరచిన లీవరు తాళమునకు కొనయందు చిన్న రేకు గల చెవి యుండును. 1861లో అమెరికాలో లైనస్ యేల్ రూపొందించిన జాతికి పలుచని రంపపుపండ్ల చెవి. ఈ రెండవ జాతిలో పెక్కింటికి తాళమంతయు మార్పనక్కరలేదు. చెవి దూరు గొట్టమును మాత్రము మార్చిన చాలును. మనకు ముందు ఆ యింట నుండినవారి యొద్ద ఎన్ని తాళపుచెవులు మిగిలెనో చెప్పజాలము గనుక, క్రొత్త యింట చేరినప్పుడే ఈ పని చేయించుట మంచిది.

తాళమునకు ధర్మములు రెండు: మూయుట, తెరచుట. దొంగభయముచే మొదటిదానినే తలతుము. రెండవది తప్పినను ప్రాణాపాయమే. వంటయింట నిప్పంటుకొన్నప్పుడు తెరువరాని తలుపు శత్రువగును. లోపలినుండియు చెవితోనే తెరువవలసిన తాళమైనచో, ఆ చెవికి తలుపు దాపున పెద్దలందరెరిగిన చోటొకటి యేర్పరుపుడు. స్నానపు గదికి పసిబిడ్డల చేతి కందని యెత్తున గడియ నుంచుడు. లోన బిడ్డ చిక్కుకొని యపాయము తోచినప్పుడు యజమాని యనుమతికై చూడరాదు. తలుపు పగులగొట్టియైన తెరచి, 112కు ఫోను చేయవలయును.

ఇక వ్యయమెవరిది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము, 108వ సెక్షనులో, ఒక దారి చూపినది. యజమాని చేయింపవలసిన మరమ్మతును, తెలియజేసిన పిమ్మట తగిన కాలములో చేయింపనిచో, కిరాయిదారు తానే చేయించి ఆ వ్యయమును వడ్డీతో అద్దెలో తగ్గించుకొనవచ్చును. అయితే ఆ మరమ్మతు యజమాని బాధ్యతయై యుండవలయును. 2021లో కేంద్ర మంత్రివర్గమామోదించిన నమూనా కిరాయి చట్టము, వేరు ఒప్పందము లేనిచో, తలుపుల తాళములు మార్చు పనిని కిరాయిదారుపైనే యుంచినది. అది నమూనా మాత్రమే. రాష్ట్రములు స్వీకరించిన గాని యమలు కాదు. కావున కలహము వచ్చిన పిదప చట్టము వెదకుటకంటె, ఇంట చేరునాడే ఒప్పంద పత్రమున తాళముల సంగతి ఒక పంక్తి వ్రాయించుట మేలు. ఎన్ని తాళములు, ఎన్ని చెవులు, చెడినచో బాగుచేయించు భారమెవరిది అను మూడు మాటలు చాలును.

తాళము చెడిననాడు నోటిమాటతో సరిపుచ్చక, ఫోనులోనైన వ్రాసి పంపి, ఆ సందేశము నుంచుకొనుడు. “అన్నా, తలుపు తాళము పట్టుట లేదు, ఆదివారములోగా చేయింతురా, మేము చేయించి చీటీ చూపుదుమా?” యని యడిగిన ఏ యజమానికిని కోపము రాదు. మీ వ్యయముతో క్రొత్తది వేయించినచో పాతదానిని పారవేయక దాచుడు. ఇల్లప్పగించులోగా దానిని మరల బిగించి, మీది మీరు కొనిపోవుటకు అదే సెక్షను సమ్మతించుచున్నది.

అద్దె యిల్లు మనది కాకున్నను, అందలి నిశ్చింత మనదే. దానికై యజమానిని మర్యాదతో, సకాలమున అడుగుటకు ఏ సోదరియు సంకోచింపకుండుగాక.