ఫలవృక్షపు మొలకలు: మట్టియు, కుండియు

మూఁడేండ్ల క్రిందట దసరాపండుగకు మా యత్తగారు పాలమూరు ప్రాంతమందలి తమ పుట్టినింటినుండి వచ్చుచు, కొంగున ముడివేసి 40 సీతాఫలపు గింజలు తెచ్చిరి. ఆ యింటి పెరటిలోని చెట్టు ఆమె తల్లిగారు పెంచినది. పెరడు పరుల పాలయ్యెను. చెట్టును గొట్టివేయుటకు దినము కూడ నిశ్చయమయ్యెను. "ఇంక గింజలే మిగిలినయి బిడ్డా, నీ చేతుల పెడుతున్న" అని యామె యా ముడి విప్పి నా దోసిట నుంచినపుడు, అదియెంత బరువో నేనెఱుఁగను. మొలకెత్తించుటయే కదా యని నవ్వుచు నందుకొంటిని. ఏఁడాది తిరుగులోపల వానిలో సగము నా యజ్ఞానమునకు బలియయ్యెను. ఆ తప్పేదో, దానిని దిద్దుకొన్న విధమేదో సాటి గృహిణులకుఁ దెలుపుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేముండునది హైదరాబాదునఁ బడమటి దిక్కుననున్న రాయదుర్గము. 1998లో సైబర్ టవర్స్ భవనము వెలసినది మొదలు ఈ ప్రాంతపు రూపమే మాఱిపోయినది. 2019లో మెట్రో రైలు మా రాయదుర్గము దాఁక వచ్చినది. కాని గాజుమేడల నడుమ నేఁటికిని నల్లని గుండురాళ్లు తలలెత్తి చూచుచునే యున్నవి. ఈ రాతినేల వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ రాయి యరిగి యరిగి యేర్పడినదే మన యెఱ్ఱ చల్కానేల. సీతాఫలమున కిట్టి నేలయే పుట్టినిల్లు. పాలమూరు మండలమందలి బాలానగరము పేరనే ప్రసిద్ధికెక్కిన సీతాఫల జాతి యొకటి కలదు. రాళ్ల సందున నెవ్వరును నీరు పోయకున్నను పెరిగెడి యీ చెట్టు, నా బాల్కనీలో నెండ, నీరు, ఆదరము అన్నియు నుండియు నేల చచ్చినది? నన్ను నిద్రపోనీయక వేధించిన ప్రశ్న యిదియే.

మొదట నేను చేసిన పని వినుఁడు. 20 గింజలను వేఱుగా దాఁచి, తక్కిన 20 గింజలను నాలుగంగుళముల లోఁతుగల వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో నాఁటితిని. మట్టి తెచ్చుకొను శ్రమ యెందుకని యొక దుకాణమున సిద్ధముగా సంచికెత్తి యమ్ము మిశ్రమమును గొంటిని. అది చూచుటకు నల్లగా, మెత్తగా, కాఫీపొడివలె నుండెను. అందలి పదార్థము దాదాపుగా కొబ్బరిపొట్టే. తొట్టి యడుగున గులకరాళ్లు పఱచితిని. నీరు సులువుగా దిగునని చిన్ననాఁటినుండి విన్నమాట. ప్రతి యుదయమును వ్రేలితోఁ దాఁకి చూచి, పై పొర యెండియున్నదని నీరు పోయుచుంటిని. నెల దాఁటినపిదప 12 మొలకలు వచ్చినవి. ఇల్లంతయుఁ బండుగయే. పిమ్మట నొక్కొక్కటిగా మెడయొద్ద నూలుపోగువలె సన్నగిల్లి, యొరగి, నేలఁబడినవి. పదియు పోఁగా రెండు మాత్రము మిగిలినవి. ఈ వ్యాధిని నారుకుళ్లు తెగులందురు. తడి విడువని మట్టిలోని బూజుజాతి సూక్ష్మజీవులే దీనికిఁ గారణము.

అపుడు మా యత్తగారొక మాట యనిరి: "పైన ఎండింది సరే, అడుగున సూసినవా?" తొట్టిని బోర్లించి చూచితిని. పై యంగుళము పొడి. క్రింది రెండంగుళములు పిండినచో నీరు కాఱునంత తడి. నా వ్రేలు ప్రతిదినమును నాతో నబద్ధమాడినది!

దీని మర్మమును వంటయింటిలోనే చూడవచ్చును. అంట్లు తోము స్పాంజిని నీటిలో బాగుగ నానఁబెట్టి, అరచేతిలో బల్లపరుపుగాఁ బట్టుకొనుఁడు. కొంత నీరు కాఱి యాగిపోవును. ఇఁక కాఱదనుకొన్న తరువాత దానిని నిలువుగాఁ ద్రిప్పి పట్టుకొనుఁడు. మరల నీరు కాఱును! స్పాంజి యదియే, అందలి రంధ్రములవియే. మాఱినది యెత్తు మాత్రమే. కుండిలోని మట్టియు నిట్లే. నీరెంత కాఱినను అడుగున కొంత యెత్తువఱకు తడిపొర నిలిచియే యుండును. ఆ పొర మందము కుండి యెత్తునుబట్టి మాఱదు. మట్టిరేణువుల సన్నఁదనమును బట్టి మాఱును. రేణువులెంత మెత్తనివైన తడిపొర యంత మందము. కావున నాలుగంగుళముల తొట్టిలో మెత్తని పొడి నింపినచో దాదాపు తొట్టియంతయు నా పొరయే. అదే మట్టి పండ్రెండంగుళముల సంచిలో నున్నయెడల పైభాగమంతయు వేళ్లకు గాలి యాడును. వేళ్లును మనవలెనే ప్రాణవాయువును గోరునవి. నీట మునిఁగిన వేరు దాహముచేఁ గాదు, ఊపిరాడక చచ్చును.

గులకరాళ్ల మాట యేమందురా? మెత్తని మట్టి పూర్తిగాఁ దడిసి నిండినఁగాని నీరు దానిని విడిచి క్రింది రాళ్లలోనికి దిగదు. అనఁగా తడిపొర రాళ్లపైకి జరిగి కూర్చుండునే కాని తొలఁగిపోదు; మొక్కకు దక్కు మట్టి మాత్రము తఱుఁగును. రంధ్రముమీఁద మట్టి జాఱిపోకుండ నొక పెంకు ముక్క యుంచిన చాలును. తరతరములుగ మనమాచరించు నీ పద్ధతి విడువఁదగినది.

కొబ్బరిపొట్టు చెడ్డదని నేననను. అది తేలికయైనది, తేమను బట్టి యుంచునది. అయిదు కిలోల యిటుక నొకదానిని నానఁబెట్టినచో సుమారు 60 మొదలు 75 లీటర్ల పొట్టగును. కాని యందు ఉప్పు లుండవచ్చును. బ్రతికిన నా రెండు మొక్కల యాకుల యంచులు మాడియుండెను. మిగిలిన పొట్టును బకెట్టులో నానఁబెట్టి పిండఁగా తేనీటి రంగు నీరు దిగినది. మూఁడు నాలుగు మాఱులు కడిగి పిండి, ఇతర పదార్థములతోఁ గలిపి వాడినచో మేలు చేయును. ఆ యొక్కదానినే వాడిన, మొలకకుఁ దిండియు చాలదు, అడుగు తడియు నాఱదు.

ఇంతటితోఁ గథ ముగియలేదు. బ్రతికిన రెండింటిని రెండు గుండ్రని ప్లాస్టిక్ డబ్బాలలోనికి మార్చి పది నెలలు పెంచితిని. మోకాలియెత్తు పెరిగినవి. శ్రావణమాసమున మా వారు ఒకదానిని తమ పాఠశాల యావరణలో నాఁటించిరి. పిల్లలు దానిచుట్టు ముళ్లకంప నాటి కావలి కాచిరి. మఱుచటి వైశాఖమునఁ గాలివాన వచ్చి యొక్క రాత్రిలో మొక్క వేళ్లతోసహా పెల్లగిలెను. మా వారు దానిని ఇంటికిఁ దెచ్చి మౌనముగా వరండాలో నుంచిరి. చూతుము గదా, వేళ్లన్నియు డబ్బా యాకారముననే చుట్టచుట్టుకొని బావిమోకు వలె నున్నవి! నేలలో నాఁటి తొమ్మిది నెలలైనను ఒక్క వేరైనను గట్టిగా నావలికి సాగలేదు. నున్నని గుండ్రని గోడను దాఁకిన వేరు ఆగదు. గోడ వెంబడి తిరుగుచునే యుండును. ఒకమాఱు చుట్టువడిన వేరు ఆ యలవాటును నేలలోఁ గూడ మానదు. ఆ దినమున మా యత్తగారు భోజనము చేయలేదు. నన్నొక్క మాటయు ననలేదు. అనియున్నచో నాకుఁ గొంత తేలికగా నుండెడిది.

వేళ్ల సంగతి మన పూర్వు లెఱుఁగనిది కాదు. ఆఱవ శతాబ్దివాఁడైన వరాహమిహిరుఁడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక యధ్యాయమునే కేటాయించెను. చెట్టునకుఁ జెట్టునకు నడుమ 20 మూరల యెడముండుట యుత్తమము, 16 మధ్యమము, 12 అధమమని యాతని నిర్ణయము. దగ్గఱదగ్గఱగా నున్న చెట్ల వేళ్లు పెనవేసికొని కాఁపు చెడునని యాతఁడు కారణమును గూడఁ జెప్పెను. సురపాలుఁడు రచించిన వృక్షాయుర్వేదమును 1996లో సికిందరాబాదునందలి ఏషియన్ అగ్రీ-హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించినది; దానిని నళినీ సాధలే గారు ఆంగ్లమున కనువదించిరి. చిన్ననాఁడు తండ్రిగారియొద్ద సంస్కృతము చదువుకొన్న నేను ఇట్టి గ్రంథములను శ్లోకములుగానే చూచితిని గాని చెట్లుగాఁ జూడలేదు. నేలలోని రెండు చెట్ల వేళ్లు పెనఁగినచోనే కాఁపు చెడునన్నప్పుడు, డబ్బాలో నొకే చెట్టు వేళ్లు తమలోఁ దామే పెనఁగినచో నేమగును? ఈ చిన్న ప్రశ్న నాకుఁ గాలివాన దాఁక తోఁచలేదు.

ఇఁక మిగిలిన 20 గింజలు. సీతాఫలపు గింజ పొడిగా దాఁచినచో మామిడి టెంకవలె త్వరగాఁ జెడదు గనుక బ్రతికిపోతిని. ఈమాఱు చేసిన క్రమమును వివరముగాఁ దెలిపెదను.

మట్టి: జల్లించిన యెఱ్ఱమట్టి రెండు పాళ్లు, ముతక యిసుక ఒక పాలు, బాగుగ మాఁగిన పశువుల యెరువు ఒక పాలు, కడిగి పిండిన కొబ్బరిపొట్టు ఒక పాలు. వీనికి బకెట్టునకొక గుప్పెడు వేపపిండి. ఇసుక ముతకగా నుండవలెను; సన్నయిసుక మట్టితోఁ జేరి గట్టిపడును. ఎరువు పచ్చిదైనచో వేఁడిచే వేళ్లను మాడ్చును, వేరుపురుగును దెచ్చును. మాఁగిన యెరువునకు దుర్గంధముండదు. చేతఁ బట్టిన మన్నువలె రాలును. ఈ మిశ్రమమునంతను ఎండకాలమునఁ దడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టాక్రింద పలుచగాఁ బఱచి, అంచులు మూసి మేడమీఁద నాలుగు మొద లాఱు వారము లుంచితిని. ఆ వేఁడికి తెగులు బీజములు చాలవఱకు నశించును.

పాత్ర: అయిదంగుళముల వెడల్పు, పండ్రెండంగుళముల యెత్తుగల నర్సరీ సంచులు. క్రిందను ప్రక్కలను రంధ్రములు. వీనిని నేలమీఁదఁ బెట్టక ఇనుపజల్లెడపీఁటమీఁద నుంచితిని. అడుగురంధ్రమునుండి వెలికివచ్చిన వేరుకొన గాలి తగిలి యెండి యాగిపోవును. అపుడు పైభాగమునఁ గ్రొత్త పిల్లవేళ్లు పుట్టును. అడవిశాఖవారి నర్సరీలలో వాడెడి నిలువుచాళ్ల గొట్టములలోని మర్మమును ఇదియే. నల్లసంచులు పడమటి యెండకు మిక్కిలి వేఁడెక్కును గనుక చుట్టును గోనెపట్టా కట్టితిని. మట్టికుండ వాడఁగోరువారు నిరభ్యంతరముగ వాడవచ్చును. దాని గోడలనుండి నీరావిరియగుటచేఁ జల్లగా నుండును, కాని నీరు తఱచుగాఁ బోయవలెను. రెండు లీటర్ల నీళ్లసీసా మెడ కోసినను జక్కని యెత్తైన పాత్రయగును; వేళ్లకు వెలుఁగు తగులకుండ గుడ్డ చుట్టవలెను. బాల్కనీలవారు బరువును మఱువరాదు: 20 లీటర్ల కుండి తడిమట్టితో 30 కిలోలను మించును.

నీరు: వ్రేలిని నమ్మవలదు, బరువును నమ్ముఁడు. నీరు పోసిన తరువాత సంచి నొకమాఱు ఎత్తి చూచుకొని, తేలికపడినపుడు మాత్రమే మరలఁ బోయుఁడు. పోసిననాఁడు అడుగునుండి కాఱునంతగాఁ బోయుఁడు.

గింజలను నాఁటుటకు ముందొక దినము నీట నానఁబెట్టితిని. సీతాఫలపు గింజల పొడి కంటఁబడినచో కంటికిఁ దీవ్రమైన హాని కలుగును. గింజలు నలుగఁగొట్టకుఁడు, ముట్టినపిదపఁ జేతులు కడుగుకొనుఁడు, పిల్లల కందనీయకుఁడు.

ఇతర ఫలములఁ గూర్చియు రెండు మాటలు. మామిడి, పనస, నేరేడు గింజలు నిలువ యుండవు. తిన్న కొలఁదిదినములకే నాఁటవలెను. వీని తల్లివేరు మొదటి నెలలోనే లోఁతునకు దిగును గనుక ఎత్తైన సంచియే తగినది. మన ప్రాంతపు మామిళ్లలోఁ బెక్కింటి టెంకనుండి వచ్చిన చెట్టు తల్లిచెట్టు రుచినే యిచ్చునన్న నియమము లేదు. అదే రుచి కోరువారు అంటు కట్టింపవలెను. నిమ్మగింజ యొకదానినుండి పెక్కు మొలకలు వచ్చును; వానిలో నధికభాగము తల్లి గుణమునే పొందును. బొప్పాయి రెండు మాసములలోపలనే నేలకుఁ జేరవలసినది గనుక చిన్నసంచి చాలును. కాని తడి నది యేమాత్రమును సహింపదు.

ఫలిత మేమందురా? 20 గింజలకు 15 మొలిచినవి. ఒకదానిని ఉడుత పెఱికినది, ఒకటి తనంత వాడినది. 13 నిలిచినవి. ఈ యేఁటి తొలకరికి సంచులు చీల్చి చూడఁగా, వేళ్లు నిలువుగా దిగి, పిల్లవేళ్లతో దువ్విన జడవలె నుండెను. నాలుగు పాఠశాలలో నాఁటించితిమి. ఆఱు బంధువుల పెరళ్లకుఁ బోయినవి. మూఁడు మాయొద్ద నున్నవి. మొదటి విడతలో మిగిలిన రెండవ మొక్కకు చుట్టువడిన వేళ్లను గత్తిరించి, ఎత్తైన సంచిలోనికి మార్చితిని. అదియు క్రొత్తచిగురు తొడిగినది.

సీతాఫలము కాచుటకు మూఁడు నాలుగేండ్లు పట్టును. మా యత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు. ప్రతి యుదయమును బాల్కనీలోనికి వచ్చి ఆకులు లెక్కించెదరు. "నేను తింటనో లేదో, చెట్టయితే బతికింది" అని మొన్న ననిరి. ఆ చెట్టు చల్లని నీడను వారు చూడవలెనని నా కోరిక.

సోదరీమణులారా! ఈ యేఁడు మీరు తినెడి పండు గింజను బాఱవేయుటకు ముందు ఒక్కసారి స్పాంజిని నిలువుగాఁ బట్టి చూడుఁడు. మొక్కకుఁ గుండి తొలి యిల్లు. ఆ యింట గాలియు, లోఁతును, తగుమాత్రపు తడియు నమర్చుట మన చేతిలోని పని.