కటౌట్‌కి తాతగారు!

సినిమాహాలు ముందు నిలబెట్టే కటౌట్ మనవాళ్ళ కనిపెట్టేననుకుంటున్నారా? ఆగండి! దాని తాతగారు 17వ శతాబ్దంలోనే హాలెండ్, ఇంగ్లండుల్లో వెలిశారు. పేరు ‘డమ్మీ బోర్డు’. చెక్కపలకను మనిషి ఆకారంలో కోసి, నిలువెత్తున రంగులు వేసేవారు. చీపురు పట్టిన పనిమనిషి, తుపాకీ పట్టిన సిపాయి... గది మూలన నిలబెడితే, వచ్చినవాళ్ళు ఉలిక్కిపడాల్సిందే! పలక మందం కనబడకుండా అంచుల్ని ఏటవాలుగా చెక్కేవారు. డచ్ చిత్రకారుడు హూగ్‌స్ట్రాటెన్ తన యింట్లో యిలాంటి మాయబొమ్మలే పెట్టుకున్నాడని ఆయన శిష్యుడు హౌబ్రాకెన్ రాశాడు. కొన్ని బోర్డులు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా వున్నాయి.

బొమ్మలు మిగిలాయి గాని, వేసినవాళ్ళలో చాలామంది పేర్లు మిగల్లేదు. మరి, ఫ్లెక్సీలొచ్చాక కుంచె పక్కన పెట్టేసిన మన కటౌట్ ఆర్టిస్టుల పేర్లయినా ఎవరన్నా రాసి పెడుతున్నారా?