సెంటున్నర స్థలంలో గంగరేగు

భోగినాడు పిల్లల నెత్తిన పొయ్యడానికి రేగుపళ్లు బజార్లో గ్లాసు లెక్కన కొంటున్నారు మా కూలిపేటల్లో. కోనసీమలో రేగుపళ్లు కొనడమేమిటని పెద్దవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. నా చిన్నప్పుడు ఏ పుంత మీదికి పోయినా, ఏ కాలువ గట్టెక్కినా చొక్కా జేబు నిండేది. పుంతలు చాలామటుకు కలిసిపోయాయి. ఎవరి పొలంలో కలిసిపోయాయో చదువరులకు నేను చెప్పనక్కర్లేదు. గట్ల మీది చెట్లు పోయాయి. ఇక మిగిలింది పెరడు.

మా ముమ్మిడివరం మండలంలో వ్యవసాయ కూలీకి పెరడంటే ఎంత? 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి రాష్ట్రమంతా పంచిన ఇళ్ల స్థలాలు పల్లెల్లో సెంటున్నర. సెంటంటే 48.4 చదరపు గజాలు. సెంటున్నరకి 72 గజాల చిల్లర. వ్యవసాయ పుస్తకాల్లో గంగరేగు మొక్కకీ మొక్కకీ 6 నుంచి 8 మీటర్ల ఎడం ఉండాలని రాస్తారు. ఎనిమిది మీటర్లు అటూ ఇటూ లెక్కేస్తే 76 గజాలు. అంటే బాగా పెరిగిన ఒక్క రేగుచెట్టు నీడ, ఒక కూలి కుటుంబానికి ఇచ్చిన యావత్తు స్థలం కంటే పెద్దది! ఆ స్థలంలోనే ఇల్లు, మరుగుదొడ్డి, పొయ్యి, మేక, అన్నీను.

అయినా సరే ఆ స్థలంలో రేగు పెంచొచ్చునని నేనంటాను. నోటిమాటగా అనడం లేదు, చూసి అంటున్నాను.

మా సంఘంలో ఒక ఆడమనిషి ఉంది. ఊడ్పుల ముఠాకి ముందుండి మాట్లాడే మనిషి. ఆమె ఒక తోపుడుబండి దగ్గర అంటుమొక్క కొనింది. కోడిగుడ్డంత కాయ కాస్తుందని బండివాడు చెప్పాడట. మూడేళ్లు పెంచింది. వేసవిలో బిందెలతో మోసి పోసింది. మూడో ఏడు జనవరిలో చూద్దును కదా, శనగగింజకి అన్నలాంటి కాయలు, నోట్లో పెడితే పులుపు, చెట్టునిండా ముళ్లు.

"మోసం చేశాడు తమ్ముడూ! గొడ్డలి పట్రా" అంది.

నేను వంగి మొదలు చూశాను. నేల నుంచి జానెడెత్తున ఎండిపోయిన మోడు ఒకటి ఉంది. దానికి పాత ప్లాస్టిక్ రిబ్బను ముక్క ఇంకా అంటుకునే ఉంది. ఆ మోడే ఆమె కొన్న గంగరేగు. దాని కిందనుంచి వచ్చిన చిగురు చెట్టయింది. అది నాటు రేగు. బండివాడు మోసం చేశాడో లేదో గాని, ఈ పని మాత్రం అతనిది కాదు.

ఇది తెలియక కోనసీమలో ఎన్ని అంటుమొక్కలు నాటు చెట్లయిపోయాయో. సంగతేమిటంటే, గంగరేగు అంటు ఒక మొక్క కాదు, రెండు. కింద వేరు నాటు రేగుది. దాని బెరడు చీల్చి మంచి రకం కన్ను ఒకటి అందులో దూర్చి కడతారు. మూడు నాలుగు వారాల్లో కన్ను అతుక్కుని చిగురేస్తుంది. కిందిదానికి బలం ఎక్కువ, అది ఊరుకోదు. అంటు కట్టిన చోటుకి దిగువన చిగుళ్లు తోస్తూనే ఉంటుంది. కనపడ్డ చిగురునల్లా గోటితో గిల్లెయ్యాలి. మొదటి రెండేళ్లూ వారానికోసారి చూడటం కంటే పెద్ద పని ఇంకోటి లేదు. నీళ్లు ఒకపూట మరిచిపోయినా రేగు బతుకుతుంది. దిగువ చిగురు మరిచిపోతే మాత్రం, మేపిన గొడ్డు ఎవరిదో అన్నట్టవుతుంది.

గొడ్డలి తెమ్మన్న ఆమెతో నేనన్నాను: "చెట్టు నరకొద్దు అప్పా. వేరు మూడేళ్లది, బంగారం లాంటిది. తల మారుద్దాం."

అలాగే చేశాం. ఏప్రిల్ నెలాఖరుకి దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లో, చెట్టుని మోకాలెత్తున రంపంతో కోశాం. కోసినచోట పేడ పూశాం. జూన్‌లో తొలకరికి మోడు చుట్టూ పది పన్నెండు చిగుళ్లొచ్చాయి. బలమైనవి మూడుంచి తక్కినవి తీసేశాం. జులైలో అవి పెన్సిలంత లావయ్యాక, వేరే ఊళ్లో ఒక రైతుగారి పెరట్లోని మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లల్లోని కళ్లు తీసి కట్టాం. మూడింటిలో రెండు పట్టాయి. ఆ మరుసటి ఏడు భోగి దాటాక ఆమె మనవడు తిన్నాడు గంగరేగు పండు. కొత్తగా మొక్క నాటి ఉంటే మళ్లీ మూడేళ్లు. ఎక్కడైనా గట్టు మీద నాటు రేగు మిగిలి ఉంటే దాన్నీ ఇలాగే మార్చొచ్చు.

గింజ వేసి మొదలెట్టేవాళ్లకి ఒక మాట. రేగు గింజ పెంకు గట్టిది, అలాగే పాతితే మొలవడానికి నెల పైన పడుతుంది. ఉప్పునీళ్లలో వేస్తే తేలేవి తాలు గింజలు, మునిగినవి మంచివి. లీటరు నీళ్లకి 170 గ్రాముల ఉప్పు కలపాలి. మునిగినవాటి పెంకు లోపలి పప్పు నలగకుండా మెల్లిగా పగలగొట్టి నాటితే వారం పది రోజుల్లో మొలక. మార్చి, ఏప్రిల్‌లో వేసింది జులైకి అంటుకి సిద్ధం. రేగుకి తల్లివేరు లోతుగా దిగుతుంది. పెద్ద మొక్కని పెకలించి మార్చితే ఆ వేరు తెగుతుంది, మొక్క చస్తుంది. అందుకని గింజని ఉండవలసిన గోతిలోనే వేసి, అక్కడే అంటు కట్టడం అన్నిటికంటే మంచిది. మా పేటల్లో ఇదే పెట్టుకోమంటాను. పైసా ఖర్చు లేదు.

కోనసీమకి వేరే చిక్కుంది. రేగు మెట్టప్రాంతపు చెట్టు. రాయలసీమలో, రాజస్థాన్‌లో రాళ్లనేలలో కాస్తుంది. జోధ్‌పూర్ పరిశోధన కేంద్రం సిఫారసు చేసే గోలా, సేబ్ రకాలు ఆ ఎండల కోసం ఎంచినవి. కొంచెం చౌడుకి, ఉప్పునేలకి ఓర్చుకుంటుంది గనక సముద్రం దగ్గరి మా మండలాల్లో పనికొస్తుంది. మొదళ్లో నీరు నిలిస్తే మాత్రం లేతమొక్క కుళ్లుతుంది. నేను చూసిన ఇళ్ల స్థలాల్లో కొన్ని పల్లపు వరిపొలాలు, మట్టి పోసి మెరక చేసినవి. ఆగస్టు వానలకి మొక్క మోకాలి నీళ్లలో నిలబడుతుంది, మనుషుల లాగే. కాబట్టి రెండడుగుల గొయ్యి తీసి, రెండు తట్టల పశువుల ఎరువు కలిపి నింపాక, దాని పైన మరో అడుగున్నర మట్టి దిబ్బ వేసి ఆ దిబ్బ మీద నాటాలి. పక్కన చిన్న బోదె తీసి నీరు బయటికి పంపాలి. మట్టి ఆరిపోకుండా వేసవిలో పాదు చుట్టూ కొబ్బరి డొక్కలు బోర్లించండి. మన ఊళ్లలో డొక్కలకి కరువా? గాలికి ఊగకుండా సరివి కర్ర ఒకటి ఊతం. మేకల నుంచి దడి. రేగాకంటే మేకకి ప్రాణం.

కొబ్బరిచెట్ల నీడలో మాత్రం నాటకండి. ఆకే తప్ప కాయ రాదు. ఎండ పడే వైపే నాటాలి, స్థలం ఎంత ఇరుకైనా.

మళ్లీ ఇరుకు దగ్గరికొచ్చాం. గంగరేగు ఆ ఏడాది వేసిన కొత్త రెమ్మల మీదే పూస్తుంది, ఆకు పంగల్లో. పాత కొమ్మ మీద పూత రాదు. అందువల్ల ఏటా ఏప్రిల్, మే నెలల్లో, ఆకు రాలి చెట్టు నిద్రపోయేటప్పుడు, కొమ్మల్ని సగానికి పైగా కోసెయ్యాలి. ఎంత కోస్తే అంత కొత్త రెమ్మ, అంత పూత. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కొట్టినప్పుడు మా వీధిలో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి. మా ఇంటి వెనక నాటు రేగు కొమ్మలన్నీ విరిగి మొద్దు మిగిలింది. ఆ భోగికి పళ్లు లేవు. పై ఏడు ఎన్నడూ కాయనంత కాసింది. గాలివాన కత్తెరేసిందని మా నాన్న అనేవాడు. కత్తిరింపు ఎందుకో నాకు పుస్తకం చదవకముందే అక్కడ తెలిసింది.

మొదటి ఏడు ఒకే కాండం ఉంచి, నడుమెత్తుకి వచ్చాక తల గిల్లి, నాలుగు వైపులా నాలుగు కొమ్మలుంచండి. ఆ తర్వాత ఏటా కోస్తే చెట్టు గొడుగంతే ఉంటుంది. సెంటున్నరలో ఇమిడిపోతుంది. కోసిన కంప దడికి, ఆకు మేకకి, పుల్ల పొయ్యికి. ముఖ్యమైనది ఇంకోటి: కొమ్మ పక్కింటి హద్దు దాటదు. పట్టా ఇచ్చినవాళ్లు ఇళ్లని అంత దగ్గరగా పెట్టారు. రేగుకొమ్మ మీద పేదవాడూ పేదవాడూ కొట్టుకుని సంఘం దగ్గరికి వచ్చిన పంచాయితీలు నేను రెండు తీర్చాను. రెండిట్లోనూ తప్పు మనిషిది కాదు, స్థలానిది.

పురుగు మందుల జోలికి పెరట్లో పోవద్దు. పొలాల్లో ఆ మందు కొట్టేది మనమే, దాని సంగతి మన ఊపిరితిత్తులకి తెలుసు. కాయలో పురుగు ఈగవల్ల వస్తుంది. రాలిన పుచ్చుకాయలు ఏరి తగలెయ్యాలి. పురుగు మట్టిలోకి దిగి అక్కడ గూడు కట్టుకుంటుంది గనక వేసవిలో మొదలు చుట్టూ గొప్పు తవ్వి ఎండబెట్టాలి. చలికి పిందెల మీద బూడిద తెగులొస్తే నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు చాలు. పూత మాత్రం ఒంటిచెట్టుకి సరిగా నిలవదు. ఇంకో రకం రేగు దగ్గర్లో ఉంటే ఈగలూ తేనెటీగలూ పుప్పొడి మోసుకొస్తాయి. కాబట్టి వీధిలో ఇద్దరు ముగ్గురు కూడబలుక్కుని వేరువేరు రకాలు వేసుకోవాలి.

గొడ్డలి తెమ్మన్న ఆమె పెరట్లో ఇప్పుడు ఏటా జులైలో జనం. అంటుకి పుల్లలు కావాలని వస్తారు. ఒక్కొక్కరికి రెండేసి ఇస్తుంది, డబ్బు తీసుకోదు. "దిగువ చిగురు గిల్లుతావా?" అని మాత్రం అడిగి, అవునంటేనే ఇస్తుంది.