రెండు పత్రికల నడుమ ఆర్.కె.పేట: స్థానిక వార్తలో వ్యాపారాన్ని చదవడం ఎలా?

ఆర్.కె.పేటలో ఉదయం వేళ టీ అంగడి బల్లమీద రెండు దినపత్రికలు పక్కపక్కన పడి ఉండడం మన పాఠకులకు కొత్త దృశ్యం కాదు. ఒకటి తమిళం, దానిలో తిరువళ్ళూరు జిల్లా పుట. మరొకటి తెలుగు, దానిలో చిత్తూరు, నగరి, పుత్తూరు వార్తలు. పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాను వీడి మద్రాసు రాష్ట్రంలో కలిసిన నాటి నుండి మన బ్రతుకు ఒక పాలనలోను, మన బంధుత్వాలు, బేరసారాలు రెండు పాలనలలోను సాగుతున్నాయి. అందువల్ల మనకు సంబంధించిన వార్త సగం ఒక పత్రికలో, మిగిలిన సగం మరొక పత్రికలో వస్తుంది. రెండింటినీ చదివి జోడించగలవాడు ఈ ప్రాంతంలో చిన్న వ్యాపారికైనా, రైతుకైనా, మగ్గాల యజమానికైనా ఎంత మేలు చేయగలడో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వార్తలోని ఎడమే వ్యాపారం కావడం ప్రపంచానికి కొత్త కాదు. 1850లో జర్మనీలోని ఆకెన్ వరకు ఒక తంతితీగ, బెల్జియంలోని బ్రస్సెల్స్ వరకు మరొక తంతితీగ ఉండేవి. మధ్యలో తీగ లేదు. పాల్ జూలియస్ రాయిటర్ అనే ఆయన ఆ ఖాళీలో పావురాల కాళ్ళకు షేర్ల ధరలు కట్టి పంపి సంపాదించాడు. నేటి రాయిటర్స్ వార్తాసంస్థ వెనుక ఉన్న కథ అది. మన సరిహద్దులో తీగలకు కొదవ లేదు, సెల్‌ఫోన్లకు అంతకన్నా లేదు. అయినా ఖాళీ మాత్రం ఉంది. అది భాషలోను, కొలతలలోను, తేదీలలోను ఉంది.

ముందుగా మామిడి సంగతి. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయింది. చిత్తూరు జిల్లా గుజ్జు కర్మాగారాల ముందు కాయల బండ్లు బారులు తీరాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు కర్మాగారాలు 8 రూపాయలు చెల్లించాలనీ, తాను 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు దక్కేలా చూస్తాననీ ప్రకటించింది. జూన్ 7న చిత్తూరు కలెక్టరు ఇతర రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకుండా ఉత్తర్వు ఇచ్చారు. సరిహద్దు చెక్‌పోస్టులలో రెవెన్యూ, పోలీసు, మార్కెటింగ్ శాఖల సిబ్బంది నిలిచారు. కర్ణాటక ముఖ్యమంత్రి దీనిని వ్యతిరేకిస్తూ లేఖ రాశారు కనుక ఆ వాదం పెద్ద వార్త అయింది.

ఇటువైపు మామిడి తోట ఉన్నవాడు ఈ వార్తను ఎలా చదవాలి? కిలో 12 రూపాయలన్న శీర్షిక చూసి సంతోషించిన వారు ఉండవచ్చు. ఆ 4 రూపాయలు ఆంధ్ర రైతులకు ఉద్దేశించినవి. సరిహద్దు మూసిన తరువాత ఆ 8 రూపాయల కర్మాగారపు వాకిలి కూడా మనవారికి లేనట్టే. అనగా ఒకే వార్త గీతకు అటువైపు ఊరట, ఇటువైపు దెబ్బ. తమిళ పత్రికలో ఏ మూలనో ఉన్న వార్తను, తెలుగు పత్రిక మొదటి పుటలోని వార్తను జోడించినవాడికే ఇది ఆ రోజున బోధపడుతుంది. చెక్‌పోస్టు తప్పించి కాయ దాటించడం అవకాశం కాదు, అది నేరం. ఆ దారి వద్దు.

ఇక్కడ సమస్య కాయ ఎక్కువ కావడం ఒక్కటే కాదు. తోతాపురికి గుజ్జు కర్మాగారం తప్ప వేరే పెద్ద గిరాకీ లేదు. కోసిన కాయ ఎక్కువ రోజులు ఆగదు. పాత గుజ్జు అమ్ముడుపోక మిగిలిందంటే కర్మాగారం కొత్త కాయకు తొందరపడదు. ఈ గుజ్జు నిల్వల మాట ధర పడిన రోజున పుట్టినది కాదు. కోతకు ముందే దానిని గమనించినవాడికి తోటను ముందుగా గుత్తకు ఇచ్చుకోవాలా, వేరే కొనుగోలుదారుని వెదకాలా అని ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. గోదావరి జిల్లాలో ఇదే రకాన్ని కలెక్టరు మామిడి అంటారు; ఆత్రేయపురం తాండ్రకు అది ముడిసరుకు. మన ప్రాంతంలో తాండ్ర పోయాలంటే చక్కెర, చాపలు, ఎండ, ఓపికగల మనుషులు, ఆహార భద్రత నమోదు కావాలి. జూన్ జల్లులు పట్టుకుంటే సరుకు పాడవుతుంది. లాభం ఖాయమని నేను చెప్పను. పది చెట్ల కాయతో ఒక ఏడాది ప్రయత్నించి చూడదగినది మాత్రమే. ముదురు చెట్ల కొమ్మలు నరికి వేరే రకం అంటు కట్టే పద్ధతి కూడా ఉంది కాని, దాని ఫలం అందడానికి కొన్నేళ్ళు పడుతుంది.

కేరళ ఉత్తర తీరంలో 1997, 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు బెస్తలు సముద్రం మీది నుండే రేవుల ధరలు అడిగి తెలుసుకోసాగారు. ఒక రేవులో చేప కొనేవాడు లేక పారబోస్తుంటే పక్క రేవులో చేప దొరకని దుస్థితి తీరిపోయింది. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం బెస్తల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవారి ధర సుమారు 4 శాతం తగ్గింది. ఎవరి నష్టం మీదా కట్టని లాభం అది. వార్తను వెదికేటప్పుడు ఇటువంటి లాభం కోసమే వెదకాలని నా అభిప్రాయం.

ఏ వార్త చదివినా అడగవలసినవి స్థూలంగా మూడు ప్రశ్నలు. నష్టం ఎవరిది? దానిని తప్పించుకోవడానికి వారు ఇప్పటికే ఎంత ఖర్చు చేస్తున్నారు? ఇది మళ్ళీ వస్తుందా? రెండవ ప్రశ్నను మనవారు సాధారణంగా వదిలేస్తారు. జనం బాధపడుతున్నంత మాత్రాన అక్కడ వ్యాపారం లేదు. బాధను తప్పించుకోవడానికి చేతి నుండి డబ్బు తీస్తున్నప్పుడే ఉంది.

మూడవ ప్రశ్నకు కుశస్థలి నది మంచి ఉదాహరణ. కార్వేటినగరం వైపున ఉన్న అమ్మపల్లి కృష్ణాపురం జలాశయం నిండితే గేట్లు ఎత్తుతారు. ఆ నీరు పళ్ళిపట్టు, నగరి ప్రాంతాల మీదుగా పూండి జలాశయానికి చేరుతుంది. పళ్ళిపట్టు వైపు నేలమట్టపు వంతెనలు మునిగి రాకపోకలు నిలుస్తాయి. గేట్లు ఎత్తారన్నది ఆంధ్ర వార్త; వంతెన మునిగిందన్నది తమిళ వార్త. మొదటిది కారణం, రెండవది ఫలితం. నడుమ ఉన్న వ్యవధిలో పాల సేకరణ బండి ముందుగా తిరిగి రావచ్చు, కూరగాయల లోడు వేరే దారి పట్టవచ్చు. ఈశాన్య రుతుపవనం బలంగా ఉన్న సంవత్సరాలలో ఇది తిరిగి తిరిగి వచ్చే వార్త కనుక, ఏటి ఆవలి గట్టున పాలు చల్లబరచే చిన్న ఏర్పాటు ఎవరికైనా గిట్టుబాటవుతుందేమో లెక్కవేయడం వృథా కాదు. ఎన్ని లీటర్లు, ఏడాదిలో ఎన్ని రోజులు అన్న రెండు అంకెలు సేకరిస్తే జవాబు దానంతట అదే వస్తుంది.

ఇక మగ్గం. ఆర్.కె.పేట, అమ్మయార్‌కుప్పం, పొదటూరుపేట, అటు ఏకాంబరకుప్పం, నగరి అన్నీ మగ్గం చప్పుడు తెలిసిన ఊళ్ళే. 2023 మార్చిలో తమిళనాడు ప్రభుత్వం మరమగ్గాలకు రెండు నెలలకు ఇచ్చే ఉచిత విద్యుత్తును 750 యూనిట్ల నుండి 1000 యూనిట్లకు పెంచింది. 2025లో ఆంధ్ర ప్రభుత్వం మరమగ్గాలకు 500 యూనిట్ల ఉచిత విద్యుత్తు ప్రకటించింది. మనకు వారికంటె రెట్టింపు అని అనుకోవడం సులభం. కాని మన లెక్క రెండు నెలలకు, వారి లెక్క నెలకు. రెండూ ఒకటే. ఈ కారణంగా నేత అటు తరలిపోతుందనీ, ఇటు తరలివస్తుందనీ మాట్లాడేవారు బిల్లు వెనుకవైపు చూసినట్టు లేదు.

ఇంకొక అడుగు ముందుకు వేద్దాం. ఒక హెచ్.పి. మోటారు గంటకు ముప్పాతిక యూనిట్ తాగుతుందనుకుంటే, రోజుకు పది గంటల చొప్పున యాభై పనిదినాలకు ఒక మగ్గానికి సుమారు 373 యూనిట్లు. అంటే పాత 750 యూనిట్లు రెండు మగ్గాలకు సరిపోయేవి. కొత్త 1000 యూనిట్లు మూడవ మగ్గాన్ని పూర్తిగా మోయలేవు. దాదాపు ముప్పై నాలుగు రోజులు నడుపుతాయి. కనుక ఆ వార్త చదివి అప్పు చేసి మూడవ మగ్గం వేసినవాడు మిగిలిన రోజుల కరెంటు, అప్పు వడ్డీ లెక్కలో కలుపుకోవాలి. పైగా రాయితీ అందరికీ ఒకేసారి వచ్చినప్పుడు నేసేవాడి చేతిలో అది ఎంతకాలం మిగులుతుందన్నది మరొక ప్రశ్న. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే మాస్టర్ వీవర్ కూలి బేరంలో దానిని గుర్తుపెట్టుకోకుండా ఉంటాడా?

నూలు ధర వార్తలు ఇంకా జాగ్రత్తగా చదవవలసినవి. 2022 మేలో 356 కిలోల క్యాండీ పత్తి ధర లక్ష రూపాయలు దాటింది. తిరుప్పూరు మూతపడి నిరసన తెలిపింది. అంతకు ముందే, ఏప్రిల్ 14 నుండి, కేంద్రం పత్తిపై దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తివేసింది. ధర లక్షకు ఎక్కినప్పుడు ఇంకా ఎక్కుతుందని నూలు కొని నిల్వ చేసినవాడికి, మరుసటి ఏడాది వేసవికి ధర అరవై వేల దరిదాపులకు దిగడంతో నష్టమే మిగిలింది. ధర ఎక్కిన వార్త పెద్ద అక్షరాలలో, సుంకం ఎత్తివేసిన వార్త చిన్న అక్షరాలలో వస్తుంది. రేపటి ధరను చెప్పేది రెండవది.

పన్ను విషయం కూడా అటువంటిదే. 2025 సెప్టెంబరు 22 నుండి కృత్రిమ నూలుపై జీఎస్టీ 12 నుండి 5 శాతానికి తగ్గింది. పాలియెస్టర్ నూలు కొనేవాడు నమోదు ఉన్నవాడైతే అతనికి ప్రధానంగా తగ్గేది పెట్టుబడిలో ఇరుక్కుపోయే సొమ్ము. నమోదు లేని చిన్న నేతగాడికి పన్ను అంటే ధరలో భాగమే కనుక, ఆ తగ్గింపు నూలు అంగడి బిల్లులో కనబడాలి. పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెట్టి అడగడానికి అతనికి ఆ వార్త కత్తిరింపు అవసరం.

కొన్ని వార్తలు వ్యాపారిని ఊరించి ముంచుతాయి. మన ప్రాంతం మీదుగా పోవలసిన దిండివనం–నగరి రైలుమార్గం 2006-07లో మంజూరయింది. దాదాపు ఇరవై ఏళ్ళు గడిచినా రైలు కూత వినబడలేదు. రేపో మాపో స్టేషను వస్తుందని స్థలం కొన్నవాడి వడ్డీ ఎవరు కడతారు? మంజూరు వేరు, నిధుల కేటాయింపు వేరు, భూసేకరణ వేరు, టెండరు వేరు. చిత్తూరు–తచ్చూరు ఆరు వరుసల రహదారి దీనికి భిన్నంగా నేలమీదికి దిగిన పని. అయినా ఆ దారి ప్రవేశ నియంత్రణ గలది. నిర్ణీత కూడళ్ళ వద్ద తప్ప బండ్లు ఎక్కవు, దిగవు. రోడ్డు పక్కన పొలం ఉందని టిఫిన్ అంగడి కలలు కనేవాడు ముందుగా కూడలి ఎక్కడో పటంలో చూసుకోవాలి. తిరుత్తణి ఆడికృత్తిక వంటి వార్తలో ఈ గండాలేవీ లేవు: తేదీ పంచాంగంలో ఉంది, కావళ్ళకు పూలు కావాలి, భక్తులు రెండు రాష్ట్రాల నుండి వస్తారు. లాభం చిన్నదే కావచ్చు, నమ్మకం పెద్దది.

ఇంతా చెప్పిన తరువాత ఒక చిక్కు మిగిలి ఉంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో చేరిన మన పిల్లలలో చాలామంది ఇంట తెలుగు మాట్లాడతారు గాని తెలుగు పత్రిక చదవలేరు. వారి తాతలలో కొందరికి తమిళ అక్షరం రాదు. బల్లమీద రెండు పత్రికలున్నా రెండింటినీ చదవగల మనిషి అరుదవుతున్నాడు. భాషాభిమానం సంగతి అటుంచితే, మామిడి విషయంలో చూసినట్లు ఇది డబ్బుతో కొలవగలిగిన నష్టం. అందుకు ఇంటిలోనే చేయదగిన పని ఒకటుంది. తాత తెలుగు పత్రిక, మనుమడు తమిళ పత్రిక చదివి, నూలు, మామిడి, పాలు, నీరు, కరెంటు అన్న ఐదు విషయాల మీద వచ్చిన వార్తను తేదీతో, ధరతో ఒక నోటుపుస్తకంలో ఎక్కించాలి. మూడు నెలల తరువాత వెనక్కు తిప్పి, ఏ వార్త నిజమైందో, ఏది మాటగానే మిగిలిందో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాలి. సంక్రాంతి ప్రాంతంలో మామిడి పూత వార్తలు మొదలవుతాయి. గుజ్జు నిల్వల మాట కూడా అప్పటి నుండే వినబడుతుంది. మొదటి పుట అక్కడ ఆరంభించవచ్చు.